పాల లెక్క పక్కన కూతల లెక్క

మా ఇంట్లో పాల లెక్క రాసుకునే పుస్తకం ఒకటుంది. ఎడమ పేజీలో తేదీ, ఎన్ని ప్యాకెట్లు, ఎంతిచ్చాం. కుడి పేజీ మొన్న ఫిబ్రవరి దాకా ఖాళీగానే ఉండేది. ఇప్పుడు అక్కడ మా చిన్నోడు ఏ మ్యాచ్‌లో ఎన్నిసార్లు కూతకెళ్లాడో రాసి ఉంది. వాడి స్నేహితులు ఫోన్లలో తీసిన వీడియోలు అడిగి తెప్పించుకున్నాను. మధ్యాహ్నం అంట్లయ్యాక కూర్చుని, ఆపి ఆపి చూసి లెక్కపెట్టాను. మా వారు చూసి, "ఇదేం లెక్కే, ఎవడిస్తాడు దీనికి డబ్బులు?" అన్నారు. డబ్బుల కోసం కాదండీ, మోకాలి కోసం అన్నాను.

సంక్రాంతికి విజయనగరం వైపు ఒక ఊళ్లో కబడ్డీ పోటీలు పెట్టారు. మన కంచరపాలెం కుర్రాళ్లంతా కలిసి జట్టుగా వెళ్లారు. మావాడు రైడరు. చిన్నప్పుడు రైలు పట్టాల పక్క ఖాళీ స్థలంలో చెడుగుడు ఆడి చొక్కాలు చింపుకొచ్చినవాడే, పాలిటెక్నిక్‌లో చేరాక దాన్నే పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు. ఆ రోజు మూడో మ్యాచ్‌లో, ఒకడు చీలమండ పట్టుకున్నాడు, ఇంకొకడు పక్కనుంచి వచ్చి భుజంతో గుద్దాడు. పాదం మట్టిలో నాటుకుని ఉంది, ఒళ్లు తిరిగింది, మోకాలు తిరగలేదు. టప్పుమని చప్పుడు వచ్చిందట. ఆ చప్పుడు పక్కన నిలబడ్డవాళ్లకి కూడా వినబడిందని చెప్పారు. మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగింది. ఫిబ్రవరిలో ఆపరేషన్ చేసి, తొడ వెనక నరంలాంటి దాన్ని తీసి దాని స్థానంలో అతికించారు.

లెక్క ఇదీ. ఆ పోటీల్లో సగానికి 15 నిమిషాలు. ఒక్కో కూతకి 30 సెకన్లు మించకూడదు కాబట్టి ఒక జట్టుకి ముప్పై కూతలు వస్తాయి. మొదటి మ్యాచ్‌లో మావాడు వెళ్లినవి 18. రెండోదాంట్లో 16. మూడోదాంట్లో కాలు పోయింది 14వ కూతలో. అంటే ఒక్కరోజులో 48వ కూత. ఏడుగురున్న జట్టులో సగానికి పైగా కూతలు ఒక్కడివే. మిగతా ఆరుగురూ ఏం చేస్తున్నట్టు? ఇదే మాట వాణ్ని అడిగితే, "నేనెళ్తేనే పాయింట్లొస్తాయమ్మా, మరి ఎవడెళ్తాడు?" అన్నాడు. ఈ మాట నేను ఎక్కడో విన్నాను అనిపించింది. మా అత్తగారు పండగ పిండివంటలప్పుడు అనేవారు, నేను చేస్తేనే కుదురుతాయి అని.

ఇంతవరకూ అయితే మీకు ఇది రాయకపోదును. ఏప్రిల్‌లో టెక్సాస్ నుంచి మా అప్ప కూతురు ఫోన్ చేసింది. వాళ్లది డల్లాస్ దగ్గర. దాని కొడుక్కి పదిహేనేళ్లు, అక్కడి హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు. మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అందులో వాడు రన్నింగ్ బ్యాక్, అంటే బంతి సంకలో పెట్టుకుని ఎదుటి పదకొండుమంది మధ్యలోంచి దూరిపోవాల్సినవాడు.

"పిన్నీ, తమ్ముడి మోకాలు చూశాక నాకు నిద్ర పట్టడం లేదు. ఆగస్టులో సీజను మొదలవుతుంది. సంతకం పెట్టాలా వద్దా?" అంది.

నాకు ఆ ఆట గురించి ఏం తెలుసని చెప్పను? నాకు అర్థమయ్యేట్టు ముందు నువ్వు చెప్పు అన్నాను. దాని కొడుకే ఫోన్ తీసుకుని, సగం తెలుగు సగం ఇంగ్లీషులో, "చిన్నమ్మమ్మా, మాది జోన్ బ్లాకింగ్, అందులో నాకు దెబ్బలు తక్కువ" అని మొదలుపెట్టాడు. ముప్పావుగంట చెప్పాడు. పాపం, ఓపికున్న పిల్లాడు.

నాకు అర్థమైనంతలో మీకూ చెబుతాను. బంతి పట్టుకున్నవాడి ముందు అయిదుగురు బలిష్టమైన కుర్రాళ్లు వరసగా ఉంటారు. పాత పద్ధతిలో, ఫలానావాడు ఫలానా మనిషిని తోసెయ్యాలి అని ముందే పంచుకుంటారు. జోన్ పద్ధతిలో మనిషిని పంచుకోరు, చోటు పంచుకుంటారు. అయిదుగురూ ఒకేసారి ఒకే దిక్కుకి అడుగేస్తారు. తన చోటులోకి ఎవడొస్తే వాణ్ని ఆపుతారు. మన పెళ్లి పంక్తిలో వడ్డన గుర్తు చేసుకోండి. ఒకాయన పప్పు, ఒకాయన కూర అని పంచుకుంటే, పప్పాయన ఎక్కడో ఆగిపోతే పంక్తంతా ఆగుతుంది. అదే ఒక్కొక్కరికి ఒక్కో వరస అప్పజెప్పి, ఆ వరసలో ఏం తక్కువైతే అది నువ్వే చూసుకో అంటే పని సాగుతుంది. అదీ జోన్. వెనకున్న రన్నింగ్ బ్యాక్ తొందరపడడు. ఆ అయిదుగురూ కదులుతుంటే ఎక్కడ సందు తెరుచుకుంటుందో చూస్తాడు. కనబడగానే ఒక్కసారి పాదం నాటి, ఒక్క మలుపు తిరిగి, నేరుగా వెళ్లిపోతాడు. అటూ ఇటూ గెంతులు, డాన్సులు కుదరవు. ఒక్క మలుపే.

ఆ ఒక్క మలుపు దగ్గరే నా మనసు ఆగిపోయింది. పాదం నాటడం, ఒళ్లు తిప్పడం. మావాడికి తెగింది అక్కడే కదా.

ఆ తర్వాత కొన్నాళ్లు నేను ఆ ఆట గురించి చదివాను. మా చిన్నోడు మంచం మీదుండి నాకు వీడియోలు వెతికి పెట్టేవాడు. వాడికీ కాలక్షేపం. డెన్వర్ అనే ఊరి జట్టుకి 1995లో మైక్ షానహాన్ పెద్ద కోచ్‌గా వచ్చాడు. ఆ ముందు వరసకి నేర్పడానికి అలెక్స్ గిబ్స్ అనే ఆయన్ని పెట్టుకున్నాడు. ఈ జోన్ పద్ధతికి పేరు తెచ్చింది వాళ్లే. అదే ఏడాది వాళ్లకి ఒక రన్నింగ్ బ్యాక్ దొరికాడు. టెరెల్ డేవిస్. ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు 196వ పేరు అతనిది. ఎవరూ పెద్దగా పట్టించుకోని కుర్రాడు. ఈ పద్ధతిలో ఎంత ఎదిగాడంటే, 1998లో ఒక్క సీజనులో 2,008 గజాలు పరిగెత్తాడు. గజాలంటే మనం స్థలాలు కొలిచే గజాలే, వాళ్లు ఇప్పటికీ వాటితోనే ఆట ఆడుతున్నారు. జట్టుకి వరసగా రెండేళ్లు పెద్ద కప్పు వచ్చింది.

కానీ ఆ 2,008 గజాల కోసం అతను బంతి పట్టుకున్నది 392 సార్లు. అంతకుముందు ఏడాది 369. దానికి ముందు 345. నేను పాల పుస్తకం కుడి పేజీలో ఇవి కూడా రాసుకున్నాను. ఒక్కోసారికీ ఎవరో ఒకరు వచ్చి మీద పడతారు. 1999లో నాలుగో మ్యాచ్‌లో కుడి మోకాలు పోయింది. ఏసీఎల్, పక్కన ఇంకొకటి కూడా. అదీ బంతితో పరిగెడుతున్నప్పుడు కాదు! వాళ్ల బంతిని ఎదుటివాళ్లు పట్టేసుకుంటే, వాళ్లని ఆపబోయి. 78 మ్యాచ్‌లకే ఆట ముగిసిపోయింది. 2017లో అక్కడి మహామహుల పట్టికలో పేరు చేర్చారు. సంతోషమే.

నన్ను కలవరపెట్టింది ఆ తర్వాతి సంగతి. డేవిస్ పడిపోయిన ఏడాదే ఒలాండిస్ గ్యారీ అనే కొత్త కుర్రాడు అదే చోటులో నిలబడి 1,159 గజాలు తెచ్చాడు. మరుసటి ఏడాది మైక్ ఆండర్సన్ అనే ఇంకొకడు, 1,487. తర్వాత క్లింటన్ పోర్టిస్ పదిహేనొందలు దాటించాడు, రెండేళ్లు వరసగా. అంటే ముందు వరస గట్టిగా ఉంటే వెనక ఎవడున్నా బండి నడుస్తుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. టెక్సాస్ మనవడు "దెబ్బలు తక్కువ" అన్నది నిజమే కావచ్చు, కానీ ఆ పద్ధతి కాపాడేది జట్టుని. మోకాలు పోయినవాడి స్థానంలో వారం తిరిగేసరికి ఇంకొకడొస్తాడు. ఆ మోకాలు మాత్రం ఎవరింట్లోనో, ఎవరో ఒకమ్మ ఐసు ముక్కలు గుడ్డలో కట్టి పెడుతుంటే, మంచం మీద ఉంటుంది.

ఇంకో మాట కూడా ఉంది. ఆ డెన్వర్ వరస వాళ్లు ఎదుటివాళ్లని ఆపడానికి కాళ్ల కిందికి దూకేవారు, మోకాళ్లకి తగిలేట్టు. అప్పటి నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. ఎదుటి జట్లు మాత్రం గోలపెట్టేవి. మన పిల్లాడి మోకాలు దాటించడానికి ఇంకొకరి పిల్లాడి మోకాలు. ఇది చదివాక మావాడి చీలమండ పట్టుకున్న కుర్రాడి మీద నాకున్న కోపం కాస్త తగ్గింది. వాడు వాడి పని చేశాడు. ఆట ముగిశాక వచ్చి మావాడి పక్కన కూర్చుని ఏడ్చాడట కూడా.

మన దగ్గర దీనికి తిరగేసిన కథ జరిగింది. తెలుగు టైటాన్స్ మన జట్టే కదా, 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు మన విశాఖలోనే ఆడారు. అప్పటినుంచి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి, రాహుల్ చౌదరి అని ఒక్కటే జపం. తర్వాత 2019లో కోటీ 45 లక్షలు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చారు. 2021లో మొదలైన సీజనులో అతను మొదట్లోనే గాయంతో తప్పుకున్నాడు. ఆ సీజనులో 22 మ్యాచ్‌లు ఆడి మనవాళ్లు గెలిచింది ఒక్కటంటే ఒక్కటి. డెన్వర్‌కి ముందు వరస ఉంది, మనకి లేదు. కబడ్డీలో కూతకెళ్లినవాడి ముందు ఎవరూ నడవరనుకోండి. అయినా వెనక డిఫెన్సు గట్టిగా ఉంటే పాయింట్లు అటునుంచీ వస్తాయి, ప్రతి కూతా ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. ఇంకో ఇద్దరు రైడర్లుంటే మధ్యలో బెంచీ మీద కూర్చుని ఊపిరి తీసుకోవచ్చు. అది లేనప్పుడు ఎంత ఖరీదైనవాణ్ని తెచ్చినా వాడూ మా చిన్నోడిలాగే "నేనెళ్తేనే" అంటాడు.

ఆ ఖరీదైనవాడు పవన్ సెహ్రావత్. ఇతని సంగతి చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. 2022 అక్టోబరులో తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది. అది కూతలో కాదు. ఎదుటి రైడర్ని పట్టుకోబోయి! అచ్చం అమెరికాలో డేవిస్‌లాగే. ఎంతసేపూ మనం వాడు పరిగెత్తేటప్పుడు ఏమవుతుందో అని గుండెలు చేత్తో పట్టుకుని చూస్తాం. దెబ్బ మాత్రం వాడిది కాని పని మీద వేసుకున్నప్పుడు తగులుతుంది.

మా ఇంట్లో గొడవ ఈ పవన్ దగ్గరే మొదలైంది. ఆ గాయమైన ఎనిమిదిన్నర నెలలకి, 2023 జూన్ చివర్లో, అతను బూసాన్‌లో ఆసియా పోటీల్లో భారత జట్టుకి కెప్టెన్‌గా ఆడి బంగారు పతకం తెచ్చాడు. ఆ అక్టోబరులో మన టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకి కొనుక్కున్నారు. టెక్సాస్ మనవడు ఇంకో పేరు అందించాడు: ఆడ్రియన్ పీటర్సన్. 2011 క్రిస్మస్ ముందు రోజు ఏసీఎల్ తెగింది, 2012 సెప్టెంబరులో తిరిగొచ్చి ఆ సీజనులో 2,097 గజాలు పరిగెత్తాడు. అదీ ఎనిమిదిన్నర నెలలే.

మావాడికి సెప్టెంబరు ఆఖర్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్ పడ్డాయి. అప్పటికి ఆపరేషనై ఏడు నెలలు. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి తొమ్మిది నెలలు దాటాలి, అదీ పరీక్షలో నెగ్గితేనే అంది. తొందరపడి తొమ్మిది నెలల లోపే ఆటలోకి దిగినవాళ్లకి మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువని ఆ అమ్మాయి పదేపదే చెప్పింది. అతికించిన ముక్కకి రక్తప్రసరణ అందుకుని అది సొంత లిగమెంటులా తయారవడానికి టైము పడుతుందట. పైకి నొప్పి ఉండదు, వాపుండదు, వాడు మెట్లెక్కేస్తుంటాడు. లోపల మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది. మనం బాలింతని చూడమూ, పైకి తిరుగుతుందని పనులు చెప్పేస్తే ఏమవుతుందో.

మా వారు వాడి వైపు. ఆయన తప్పేం కాదు. "ఉద్యోగమే అది. రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగం. మనమేమైనా కోటీశ్వరులమా, మళ్లీ వస్తుందని ఊరుకోడానికి?" అన్నారు. ఆపరేషన్‌కి అయిన అప్పు ఇంకా ఉంది మాకు. రాత్రి ఆ మాట అన్నాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఫ్యాను చప్పుడు, దూరంగా గూడ్సు బండి చప్పుడు.

పొద్దున్న కాఫీ ఇచ్చి పుస్తకం ముందు పెట్టాను. "రైల్వేలాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాకి 25 ఏళ్ల దాకా తీసుకుంటారండీ. వీడికి ఇరవై. మోకాలుంటే ఇంకా అయిదేళ్లు ట్రయల్స్‌కి వెళ్లొచ్చు. మోకాలు రెండోసారి పోతే ఒక్కసారికీ వెళ్లలేడు. పీటర్సన్‌కి పొద్దున్న లేస్తే వెంట ఉండే డాక్టర్లెంతమందో, మనవాడు ఫిజియోకి వెళ్లాలంటే సిటీ బస్సులో నిలబడి వెళ్తున్నాడు" అన్నాను. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి, "పాలవాడికి మొన్న రెండు ప్యాకెట్లు ఎక్కువ రాశావు" అన్నారు. ఒప్పుకోవడం ఆయనకి అలాగే వచ్చు.

వాడు ఒప్పుకోడానికి ఇంకా పట్టింది. ఆగస్టు 29న ప్రో కబడ్డీ కొత్త సీజను మన పోర్టు స్టేడియం దగ్గరే మొదలైంది. టైటాన్స్‌కి తలైవాస్‌తో మొదటి మ్యాచ్. పవన్ అప్పుడు మళ్లీ తలైవాస్ వైపే ఉన్నాడు. ఆటోలో వాణ్ని తీసుకుని నేనే వెళ్లాను. మనవాళ్లు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. నేను చూసింది స్కోరు కాదు. రెండు వైపులా ఒక్కడి మీదే వేసుకోకుండా ఒకరి తర్వాత ఒకరు కూతకెళ్తుంటే, ఎవరు ఎన్నిసార్లు వెళ్లారో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పక్కనున్నావిడ జపం అనుకుందో ఏమో, దారి ఇచ్చి కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, చాలాసేపయ్యాక, "అమ్మా, ఫ్రాంక్ గోర్ అని ఒకడున్నాడట, బుజ్జిగాడు చెప్పాడు" అన్నాడు. కాలేజీలో ఉండగానే రెండు మోకాళ్లకీ ఏసీఎల్ పోయిందట. ఆ తర్వాత అక్కడి పెద్ద ఆటలో పదహారు సీజన్లు ఆడాడట, మూడువేల ఏడొందల సార్లకి పైగా బంతి పట్టుకున్నాడట. అతను ఎలా నిలబడ్డాడో నాకు వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. ట్రయల్స్‌కి వెళ్లనని వాడే చెప్పినట్టయింది.

అక్కడ టెక్సాస్‌లో మా అమ్మాయి సంతకం పెట్టింది. పెట్టే ముందు కోచ్‌ని కలిసి, నా కొడుకు ఒక మ్యాచ్‌లో ఎన్నిసార్లు బంతి పట్టుకోవాలో ముందే చెప్పండి అని అడిగిందట. ఆయన నవ్వలేదట. ముగ్గురు కుర్రాళ్లున్నారు, వంతులేసి ఆడిస్తాను, నీవాడు ఇంకా చిన్నవాడు, పన్నెండు దాటనివ్వను అన్నాడట. ఇప్పుడు శనివారం పొద్దున్నే దాని దగ్గర్నుంచి నాకు మెసేజీ వస్తుంది. గెలిచారా ఓడారా అని ఉండదు. 9 అనో, 11 అనో ఒక్క అంకె ఉంటుంది. ఒకసారి 14 వచ్చింది. కోచ్‌కి ఫోన్ చేశావా అని అడిగాను. చేశాను పిన్నీ అంది.

మొన్న గురువారం ఫిజియో అమ్మాయి మావాడికి ఒంటికాలి గెంతు పరీక్ష పెట్టింది. మంచికాలి మీద ఎంత దూరం గెంతాడో దాన్ని వందగా పెట్టుకుంటే, ఆపరేషనైన కాలు 84 వచ్చింది. 90 దాటాలి. అప్పటినుంచి హాల్లో గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీసుకుని పొద్దున్నా సాయంత్రం గెంతుతున్నాడు. నిన్న కింది వాటా పిన్నిగారు పైకొచ్చి, మా స్లాబు మీద దంచుతున్నదేమిటమ్మా, పసుపా కారమా అని అడిగి వెళ్లారు.